గవ్వలపేట సముద్రమైన వైనం

తుఫాను పోతూ పోతూ ‘సాగర సౌభాగ్య’ అనే సరుకు ఓడను ఎత్తుకొచ్చి గవ్వలపేట ఇసుకలో కూర్చోబెట్టింది. ఎంత పొందిగ్గా కూర్చోబెట్టిందంటే, లోపల ఒక్కడికీ గోరు కూడా ఊడలేదు. తెల్లారేసరికి సముద్రం తన నీళ్లు తాను తీసుకుని వెనక్కి వెళ్లిపోయింది. ఓడ మాత్రం కొబ్బరితోటల వైపు ముక్కు పెట్టి, పెళ్లికి వారం ముందే దిగిపోయిన చుట్టంలా ఇబ్బందిగా నిలబడి ఉంది.

తుఫానుకు ఓడ ఒడ్డెక్కడం లోకంలో కొత్తేమీ కాదు. ఇందులో కొత్త ఏమిటంటే, ఆ ఓడలో ఖలాసీగా పనిచేసే సూరాడ బైరాగిది ఆ గవ్వలపేటే. ముందు డెక్కు మీద నిలబడి కళ్లు నులుముకుని చూస్తే ఎదురుగా వాళ్ల పెంకుటిల్లు. పెరట్లో వాళ్లావిడ దమయంతి. నెలలు నిండి, నడుము మీద చెయ్యేసుకుని, ఇదేం చోద్యంరా నాయనా అన్నట్టు ఓడను ఎగాదిగా చూస్తోంది.

“ఒలే దమయంతీ!” అని బైరాగి గొంతు చించుకున్నాడు.

“ఓలమ్మో, మావా! సింగపూరు పోతన్నానన్నావు గదా, ఇదేటి ఇలగొచ్చీసినావు?”

బైరాగి కళ్లు చెమర్చాయి. వాళ్ల మొదటి బిడ్డ పుట్టినప్పుడు అతను ఎక్కడో నడిసముద్రంలో ఓడకు రంగులేస్తున్నాడు. ఆ బిడ్డ దక్కలేదు. పుట్టిన కబురూ పోయిన కబురూ ఒక్క ఫోనులోనే విన్నాడు. ముఖమైనా చూడలేదు. ఈసారి పురుటికి ఇంట్లో ఉంటానని దమయంతికి మాటిచ్చి, సెలవు అడిగి అడిగి, దొరక్క, ఏడుస్తూనే ఓడెక్కాడు. ఇప్పుడు గంగమ్మ తల్లే స్వయంగా తెచ్చి గుమ్మంలో దింపితే ఇంకేం కావాలి? తాడు నిచ్చెన కిందికి వదిలి ఒక కాలు బయటపెట్టాడు.

“ఆగవయ్యా,” అన్నాడు కెప్టెన్ పినాకపాణి వెనకనుంచి.

పినాకపాణి మాటలు తక్కువ మనిషి. నౌకాయాన ఆఫీసుతో వాదిస్తే కాగితాలు పిల్లలు పెడతాయని ఎప్పుడో తెలుసుకున్నాడు. విషయం మాత్రం చెప్పాడు. ఖలాసీ ఓడ దిగాలంటే అది గుర్తింపు పొందిన రేవు అయ్యుండాలి. రేవు కాని చోట నేలమీద కాలు పెడితే ఓడ వదిలి పారిపోయినట్టు లెక్క. పారిపోయినవాడి సీడీసీ, అదే ఓడ పనికి సర్కారు ఇచ్చే గుర్తింపు పుస్తకం, రద్దు. ఓడ పనివాడికి సీడీసీ అంటే అన్నం పళ్లెం. అది పోతే మళ్లీ ఏ ఓడా ఎక్కనివ్వదు.

“ఆఫీసుకు కబురు పెడతాను. ఇది ఒడ్డని ఒక్క ముక్క రాసిస్తే అందరం దిగిపోవచ్చు. సాయంత్రానికల్లా మీ ఇంట్లో ఉంటావు,” అన్నాడు కెప్టెన్. ఆయనకీ ఆశ చావలేదు మరి.

ఆఫీసునుంచి జవాబు నిజంగానే సాయంత్రానికి వచ్చింది.

“మీ నౌక ఇసుకలో ఉన్నట్లు తెలియపరచియున్నారు. నౌక అనగా నీటిపై తేలునది. కావున ఇసుకలో ఉన్నది నౌక కానేరదు. నౌక అయినచో ఇసుకలో ఉండనేరదు. ఈ రెంటిలో ఏది సత్యమో సవరించిన నివేదిక ద్వారా వెంటనే తెలుపవలెను. అంతవరకు సిబ్బంది ఎవ్వరూ నౌకను వీడరాదు.”

సవరించిన నివేదిక వెళ్లింది. దానికి సవరణ కోరుతూ ఉత్తర్వు వచ్చింది. చివరికి నౌకాయాన నియంత్రణ కార్యాలయం డిప్యూటీ కంట్రోలర్ పరాంకుశం గారు స్వయంగా జీపులో బయల్దేరారు. జీపు ఇసుకలో గురగురమంటూ వచ్చి ఓడ పక్కన ఆగింది. అందులోంచి లైఫ్ జాకెట్ తొడుక్కుని, ముడులన్నీ బిగించుకుని దిగబోయి, దిగకుండా, జీపు మీదనుంచే నిచ్చెన అందుకుని పైకెక్కారు. నిచ్చెన మీద చేతులకు అంటిన ఇసుక దులుపుకుంటూ, “చెమ్మ ఎక్కువగా ఉన్నట్టుంది,” అన్నారు.

“సార్, ఇది ఒడ్డు,” అన్నాడు కెప్టెన్.

“అని ఎవరు ధ్రువీకరించారు?”

“కనబడుతోంది కదా సార్.”

“కనబడటం వేరు, ధ్రువీకరించడం వేరు. చూడండి కెప్టెన్, ఈ నౌక అన్నివిధాలా భద్రమైనదని ధ్రువపత్రం ఇచ్చింది ఈ చేతులే. భద్రమైన నౌక ఒడ్డెక్కదు. ఇది ఒడ్డెక్కలేదు. ఇది సముద్రంలోనే ఉంది.”

“అయితే ఆ ఆవులు?”

పరాంకుశం గారు కిందికి చూశారు. ఓడ నీడలో రెండు ఆవులు పడుకుని నెమరు వేస్తున్నాయి. ఆయన కాసేపు ఆలోచించారు. అబద్ధం ఆడే మనిషి కాదు. అందుకే అసలు సంగతి విప్పి చెప్పారు.

“ఓడను ఓడ కాదనాలంటే చాలా పైనుంచి అనుమతి రావాలి. విచారణ జరగాలి. నేను సంజాయిషీ ఇవ్వాలి. ఒడ్డును ఒడ్డు కాదనడానికి నా సంతకం చాలు.”

ఆ సంతకం మర్నాడే పడింది. ఓడ జెండాకర్ర మొదలుకొని తారురోడ్డు మీద కల్వర్టు వరకు గల ప్రదేశమంతా, అందులోని స్థావర జంగమములతో సహా, సముద్రముగా పరిగణింపబడును అని ప్రకటన. మనవాళ్లను పని చెయ్యరని తిడతాం గాని, ఇలాంటి పని మాత్రం భలే చకచకా చేస్తారు. సాయంత్రానికి కల్వర్టు దగ్గర బోర్డు కూడా పాతేశారు: ‘సముద్రము. వాహనములు నిషేధము. లోతు తెలియదు.’

అక్కడినుంచి గవ్వలపేట బతుకు తలకిందులైంది. బస్సు కల్వర్టు దగ్గరే ఆగిపోయేది. “సముద్రంలో దిగేవాళ్లు దిగండమ్మా!” అని కండక్టరు కేకేసేవాడు. రేషను బియ్యానికి వెళ్లేవాళ్లు లైఫ్ జాకెట్ లేకుండా వెళ్తే డీలరు ఇవ్వనన్నాడు. పాపం అతనికీ పైనుంచి కాగితం వచ్చింది. బడి మేష్టారు హాజరుపట్టీలో ‘వచ్చినవారు’ అన్నది కొట్టేసి ‘తేలినవారు’ అని రాసుకోవలసి వచ్చింది. ఊరి మధ్య మంచినీళ్ల బావిని చూడ్డానికి పట్నంనుంచి నిపుణులు వచ్చారు. ఉప్పు సముద్రంలో తియ్యటి నీటి ఊట! చేద వేసి తోడి, పుక్కిలించి, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఊపుకున్నారు. బావిలో నీళ్లు తోడుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు బిందెలు పట్టుకుని పరిశోధన అయ్యేదాకా ఎండలో నిలబడ్డారు.

అది వేట నిషేధం కాలం. చేపలు గుడ్లు పెట్టే రోజులని వలలన్నీ కట్టిపెట్టి పెరళ్లలో ఆరేసుకున్నారు. పెరడు సముద్రమైపోయింది కాబట్టి పెరట్లో వల ఉంటే నిషేధకాలంలో సముద్రంలో వల ఉన్నట్టే గదా? వలలన్నీ జప్తు చేశారు. దమయంతి తల్లి పోలమ్మ పురుడు పొయ్యడానికి వచ్చి అల్లుడింట్లో ఉంది. ఆవిడ కూరకోసం కోడిని తరుముతుంటే కాపలాకు వచ్చిన జవాను పట్టుకున్నాడు.

“అమ్మా, వేట నిషేధం.”

“నీ జిమ్మడిపోనూ, ఇది కోడిరా!”

జవాను ఆఫీసుకు రాశాడు. “కోడి జలచరమా కాదా అను విషయము పరిశీలనలో ఉన్నది. అంతవరకు దానిని తరుమరాదు. అది తరిమినచో మీరు పరుగెత్తవచ్చును,” అని జవాబొచ్చింది.

ఊరికి కోపం రాలేదా అంటే వచ్చింది. కానీ అర్జీ పెట్టుకోవాలంటే పంచాయతీ ఉండాలి. నేల లేనిచోట పంచాయతీ ఎక్కడిది? అర్జీ మీద చిరునామా చూసి, సముద్రంనుంచి వచ్చిన ఉత్తరాలు తీసుకోబోమని తిప్పి పంపేశారు.

ఇక ఓడ మీద పని యథాప్రకారం సాగింది. బైరాగి పొద్దున్నే డెక్కు కడిగేవాడు. తర్వాత దూరదర్శిని పట్టుకుని ఎదురుగా ఓడలేమైనా వస్తున్నాయా అని చూసేవాడు. ఎదురుగా వచ్చేది వాళ్లావిడ ఒక్కతే. రోజూ మధ్యాహ్నం దమయంతి పొట్ట మోసుకుంటూ, ఆయాసపడుతూ వచ్చి, ఓడ కింద నిలబడి గిన్నె ఎత్తి చూపించేది. అతను తాడుతో బకెట్ కిందికి దించేవాడు. ఎండు నెత్తళ్ల ఇగురు పైకి వచ్చేది. ఇంత దగ్గర మనిషి అంత దూరంలో ఉంటే ఆ కూర గొంతు దిగుతుందా! తింటూ ఏడ్చేవాడు, ఏడుస్తూ తినేవాడు.

ఒకరోజు తనిఖీకి వచ్చిన పరాంకుశం గారు అది చూసి, చేతిలో మైకు పట్టుకుని కిందికి వంగారు. “నౌకకు అనుమతి లేకుండా ఆహార సరఫరా నేరం. ఎవరు మీరు? ఏ పడవలో వచ్చారు?”

“నానే పడవని బాబూ,” అంది దమయంతి పొట్ట నిమురుకుంటూ. “సూడండి, లోపల పేసింజరు గూడా ఉన్నాడు. రేపో మాపో దిగుతాడు.”

పరాంకుశం గారు అది రాసుకున్నారు. దమయంతి నవ్వలేదు. తల ఎత్తి మొగుడితో మెల్లగా అంది, “పొద్దున్నుంచి నడుం పీకేస్తంది మావా. నాకు బయమేస్తంది. కిందటిసారీ ఇలాగే అయినాది.”

“నాను వొస్తానే. ఎలాగోలా వొచ్చీస్తాను.”

“అప్పుడూ అలాగే సెప్పినావు,” అని, మాట తూలినందుకు తనే బాధపడి, గిన్నె అక్కడే వదిలేసి వెళ్లిపోయింది. బైరాగి ఆ గిన్నె వైపు చూస్తూ కూలబడిపోయాడు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం పోలమ్మ జుట్టు ముడి ఊడిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చింది.

“ఒరే అల్లుడా! నొప్పులు మొదలైపోనాయిరా! అంబులెన్సోళ్లకి పోను సేస్తే సముద్రంలోకి రామంతన్నారు. పడవోళ్లకి సేస్తే నీల్లు నేకపోతే ఎలగొస్తామంతన్నారు! పిల్ల నీ పేరే కలవరిస్తంది. రారా నాయినా!”

బైరాగి ఒక్క ఉదుటున రెయిలింగు పట్టుకున్నాడు. సీడీసీ పోతే పోయింది, కూలో నాలో చేసుకుంటాననుకున్నాడు. ఆ పూట కూడా తనిఖీలో ఉన్న పరాంకుశం గారు అడ్డుపడ్డారు.

“ఆగు! ఇది నౌకను వీడి పారిపోవుట అవుతుంది.”

“నా పెళ్లాం అక్కడ సచ్చిపోతంది బాబూ! మీకు దండం పెడతాను!” అని బైరాగి కాళ్లమీద పడ్డాడు. పరాంకుశం గారికి మాత్రం మనసు లేదా? ఉంది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “నాకు జాలి ఉందయ్యా. కాని నిబంధనలో జాలికి చోటు లేదు. ఉంటే ముందు నేనే వాడుకునేవాణ్ని,” అన్నారు.

అప్పుడు కెప్టెన్ పినాకపాణి గొంతు సవరించుకున్నాడు.

“సార్, చిన్న అనుమానం. తనంతట తాను దిగితే పారిపోవడం. మరి పొరపాటున నీళ్లలో పడిపోతే?”

పరాంకుశం గారి ముఖం వెలిగింది. ఆయనకు ఎంతో ఇష్టమైన భాగం అది. “పడిపోవుట ప్రమాదం కిందికి వస్తుంది. అందులో సిబ్బంది తప్పేమీ లేదు. వెంటనే లైఫ్ బాయ్ అనబడు తేలియాడు చక్రం విసరాలి. పడినవాడు దాన్ని ధరించి, సమీపంలో ఏది దొరికితే దాన్ని పట్టుకుని ప్రాణం కాపాడుకోవాలి.”

“అర్థమైంది సార్,” అన్నాడు కెప్టెన్. ఆయన బైరాగి దగ్గరికి నడిచి, లేవదీసి, దుమ్ము దులిపి, వీపు మీద ఆప్యాయంగా చెయ్యి వేసి, ఒక్క తోపు తోశాడు.

ఆ వైపున తుఫాను ఇసుక డెక్కు దాకా మేటవేసి ఉంది. బైరాగి పల్లకిలో పడ్డట్టు మెత్తగా పడి, దొర్లుకుంటూ కిందికి చేరాడు.

“పడిపోయాడు సార్,” అన్నాడు కెప్టెన్.

“అరెరే! విసరండి, విసరండి!” అని పరాంకుశం గారు తనే లైఫ్ బాయ్ తీసి విసిరారు. బైరాగి అది మెడలో వేసుకుని లంఘించబోయాడు. పైనుంచి మైకు మోగింది. “నడవకూడదు! నడిస్తే నేల ఉన్నట్టవుతుంది! ఈదు! ఈదు!”

సరే, ఈదాడు. పాపం, ఏం చేస్తాడు? రెండు చేతులూ గాల్లో బార్లు వేసుకుంటూ, మధ్యమధ్య గాలి పీల్చుకోవడానికి తల పక్కకి తిప్పుకుంటూ, గవ్వలపేట నడివీధిలో ఉరుకు ఉరుకున ఈదుకుంటూ పోయాడు. అరుగుల మీద ముసలాళ్లు లేచి నిలబడ్డారు. “ఎడంపక్కకి లాగు బైరాగీ, అక్కడ పేడున్నాది!” అని ఒకాయన దారి చూపించాడు. నవ్వినవాళ్లు ఉన్నారు గాని, అతని ముఖం చూశాక ఎవరూ నవ్వలేదు.

ఇంటి వాకిట్లోకి వచ్చేసరికి లోపల దమయంతి అరుపు వినిపించింది. బైరాగి గుమ్మం పట్టుకుని, “ఒలే, నానొచ్చీసినానే! ఇక్కడే ఉన్నానే!” అని కేకేశాడు. లోపల దమయంతి ఇంకో పెద్ద అరుపు. ఆ వెనకే ఇంకో గొంతు, సన్నగా, కోపంగా, ఊరంతా వినబడేలా.

“ఆడపిల్లరా అల్లుడా!” అంది పోలమ్మ. బైరాగి లైఫ్ బాయ్ మెడలో ఉండగానే గడపలో కూలబడి భోరుమన్నాడు.

ఇంతలో రక్షణ కార్యక్రమం కింద పరాంకుశం గారి జీపు వచ్చి అరుగుకు ఆనుకుని ఆగింది. ఆయన జీపులోంచి నేరుగా అరుగు మీదికి దాటారు. బైరాగి సంచీ భుజాన వేసుకుని కెప్టెన్ వెనక వస్తున్నాడు, తీరుబడిగా ఈదుకుంటూ. పోలమ్మ బయటికొచ్చి, ఎవర్నీ అడక్కుండా జీపు డ్రైవరు మీద విరుచుకుపడింది. “సూస్తావేటిరా! పట్నం పోయి నర్సమ్మని తే! బేగెల్లు!” డ్రైవరు అయ్యగారి వైపు చూడనైనా చూడకుండా జీపు దూకించాడు.

పరాంకుశం గారు అరుగు మీద స్థిరంగా కూర్చుని కాగితాలు తీశారు. “జననం సముద్రంలో సంభవించింది. ఏ నౌకలో సంభవించిందో రాయాలి.”

“నౌకేటి బాబూ, మా ఇంట్లో!” అంది పోలమ్మ.

“సముద్రం మధ్యలో, పైన కప్పు ఉండి, లోపల మనుషులు తడవకుండా ఉన్నారంటే అది నౌకేనమ్మా. నీళ్లలో ఎవరూ పుట్టలేరు.” ఆయన రాసి సంతకం పెట్టారు. నౌక పేరు: దమయంతి.

“అయితే సార్,” అన్నాడు కెప్టెన్, “సముద్రంలో ఒక ఓడనుంచి ఇంకో ఓడకు ఖలాసీని బదిలీ చెయ్యొచ్చు కదా?”

“నిరభ్యంతరంగా.” దానిమీదా సంతకం పడింది. బైరాగి ‘సాగర సౌభాగ్య’నుంచి ‘దమయంతి’కి బదిలీ అయ్యాడు. పారిపోలేదు, దిగలేదు, సీడీసీ పోలేదు. కెప్టెన్ సంచీ అరుగు మీద పెట్టి, వచ్చిన దారినే ఈదుకుంటూ వెళ్లిపోయాడు.

కాసేపటికి నర్సమ్మ కల్వర్టు దగ్గరనుంచి నడిచి వచ్చి, తల్లీ పిల్లా క్షేమమని చెప్పింది. జీపు ఏదమ్మా అని పరాంకుశం గారు అడిగారు.

“మీ డ్రైవరు బోర్డు దగ్గరే ఆగిపోయాడండీ. సముద్రంలోకి వాహనాలు నిషేధమట. మీరు లోపలుంటేనే అది పడవట గదా, లేకపోతే వాహనమేనట.”

తాను తయారుచేసిన డ్రైవరే. పరాంకుశం గారు కొంత గర్వపడి, సరే నడిచిపోదామని లేచి, ఒక కాలు అరుగు చివరిదాకా చాపారు. ఆ అరుగు మోకాలెత్తు ఉంటుందేమో. చాపిన కాలు గాల్లోనే ఆగిపోయింది. ఇది నౌక. కింద ఉన్నది గుర్తింపు పొందిన రేవు కాదు. ఆయన కాలు వెనక్కి తీసుకున్నారు.

పోనీ, ఈ ఊరు ఒడ్డేనని రాసేస్తే? ఊరు ఒడ్డైతే ఆ ఓడ ఒడ్డెక్కినట్టు. ఓడ ఒడ్డెక్కితే ఆయన ధ్రువపత్రం అబద్ధం. ఆయన కలం మూసి జేబులో పెట్టుకుని, కాళ్లు రెండూ పైకి తీసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు.

పొద్దు వాలుతుండగా ఆయన ఫోను మోగింది. ఇంటినుంచి.

“లేదే, రాలేను,” అంటున్నారు పరాంకుశం గారు గొంతు తగ్గించి. “ఓడలో ఉన్నాను. ఎప్పుడొస్తానా? రేవు వస్తే గదా... నాకు మాత్రం రావాలని లేదా చెప్పు, పిల్లాడి పుట్టినరోజని నాకు తెలియదా? వాడికి ఫోనివ్వు.”

అటునుంచి పిల్లాడి ఏడుపు అరుగు చివరిదాకా వినిపించింది. పరాంకుశం గారు ఫోను చెవికి ఆనించుకుని, కల్వర్టు దగ్గర నిలబడ్డ జీపు వైపు చూస్తూ ఉండిపోయారు.

కూతుర్ని పొత్తిళ్లలో ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డ బైరాగి అంతా విన్నాడు. అతనికి ఒళ్లు మండలేదు. ఆ ఏడుపు ఎలా ఉంటుందో అతనికి తెలుసు. పిల్లను అత్త చేతికిచ్చి, అరుగు మీదికి వచ్చి, ఆయన వెనక వినయంగా నిలబడ్డాడు.

“తోసీమంటారా సారూ?”